గడప లేని కంపెనీ

కడిగిన గిలాసలు బోర్లించేలోపే, ముందర గదిలో ఇంకెవరో వచ్చి చాప మీద కూర్చున్న చప్పుడు వినిపించింది.

"ఇంకొగలొచ్చిన్రు," అంది గట్టమ్మ, కోడలి మొహం చూడకుండా. "పాలైపోయినయ్. డికాషన్ పొయ్యాల్నా, నా మొహం పొయ్యాల్నా?"

గీతాంజలి అత్త ముందరి గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. పొయ్యి పక్కన పెట్టిన తన ఫోను మళ్లీ వణుకుతోంది. మొన్న పొద్దుటి నుంచి దానికి నిద్ర లేదు. జనగామ నుంచి, కేసముద్రం నుంచి, కురవి నుంచి, పేర్లు రాసుకోని నంబర్లు. పేర్లు తెలియకపోయినా ఆ గొంతులు ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ గొంతులకు ఆమె అంకెలు చదివి వినిపించింది.

"అక్కా, కోడ్ వచ్చిందా జర చూడవా?" అనేవాళ్లు. ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, ఒక్కొక్క అంకె విడదీసి చెప్పేది. మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పేది. ఎవరో మొహం తెలియని ఆడబిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోయిందనీ, ఎవరో ముసలాయన ఫోను వానలో తడిసి పాడయిందనీ ఆ కోడ్‌ల వెంటే ఆమెకు తెలిసేది. మానుకోట బజారులో ఆమె కూరగాయలు బేరం చేస్తుంటే, పక్కన నిలబడ్డవాళ్లు గొంతు గుర్తుపట్టి "నువ్వు కోడ్ గీతక్కవు గదా" అని నవ్వేవాళ్లు.

ఇప్పుడు వాళ్లలో కొందరు ఆమె ఇంట్లో కూర్చున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. కల్యాణ్ దుకాణంలో ఫోను కొన్నవాళ్లకు మెయిలు ఖాతా అతనే తెరిచి ఇస్తాడు. పాస్‌వర్డు మరిచిపోతే కోడ్ పంపడానికి ఒక నంబరు చెప్పమని కంపెనీ అడుగుతుంది. ఇక్కడి జనం ఏ సిమ్ముకు ఆఫరొస్తే ఆ సిమ్ము వేస్తారు. ఇవాళ ఇచ్చిన నంబరు బతుకమ్మ నాటికి ఇంకెవరి జేబులో మోగుతుందో తెలియదు. అందుకని కల్యాణ్ ఎన్నటికీ మారని నంబరు ఒకటి వెతికి ఇచ్చాడు. అది అతని భార్యది.

రేగొండలో వాళ్ల ఇంట్లో మొట్టమొదట డిగ్రీకి పోయిన పిల్ల గీతాంజలి. కాలేజీ కాగితాల మీద రాసిన నంబరు మారిస్తే ఎక్కడ ఏ కబురు తప్పిపోతుందోనన్న భయంతో ఈనాటికీ ఆమె దాన్ని మార్చలేదు. జనగామలో అద్దె దుకాణంలో మొదలైన ఆ పద్ధతి మానుకోటకు వచ్చాక కూడా సాగింది. అందులో తప్పు ఎవరికీ కనబడలేదు.

కంపెనీ యంత్రానికి కనబడింది. ఒకే నంబరు, ఇన్ని ఖాతాలు. మానుకోటలో ఎవరో ఒక్క మనిషి లేని మనుషుల్ని పుట్టించి గుంపును నడుపుతున్నట్టు తేల్చుకుంది. మొన్న తెల్లారేసరికి అన్నిటికీ ఒక్కసారే తాళం పడింది.

తిట్టుకుంటూ వచ్చి ఉంటే గీతాంజలికి ఇంత బరువుగా ఉండేది కాదు. వచ్చినవాళ్లు చెప్పులు బయట వరసగా విడిచి, కాళ్లు కడుక్కుని, నెమ్మదిగా లోపలికి వచ్చారు. ఆ నెమ్మదితనమే ఆమెను భయపెట్టింది. ఇక్కడి పద్ధతి ఆమెకు తెలియనిది కాదు. మిరప విత్తనం మొలవకపోతే రైతులు అమ్మినవాడి దుకాణం ముందు కూర్చుంటారు. మాట తప్పినవాడి ఇంటికి పోయి గడప లోపల కూర్చుంటారు. అడిగింది ఇవ్వాలి, లేదా ఎప్పుడిస్తాడో చెప్పాలి. ఇచ్చిన చాయ తాగుతారు, ఇంటి మంచిచెడ్డలు అడుగుతారు, లేవరు.

ఆమె డికాషన్ గిలాసలు పళ్లెంలో పెట్టుకుని ముందర గదిలోకి వచ్చింది.

కల్యాణ్ బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కంపెనీకి రాసిన విన్నపాన్నే మళ్లీ మళ్లీ రాస్తున్నాడు. రాసిన ప్రతిసారీ అదే జవాబు, అదే నవ్వు మొహం బొమ్మతో సహా, తిరిగి వస్తోంది.

అతనికి ఎదురుగా నెల్లికుదురు నుంచి వచ్చిన రాములు, తువ్వాల మోకాళ్లకు చుట్టుకుని ఊగుతున్నాడు. పత్తిలో కలుపు తీయించాల్సిన రోజులవి. అయినా తెల్లారి మొదటి బస్సుకే వచ్చాడు.

"విత్తనాలోడైతే దుకాణం కాడ దొరుకుతడు," అన్నాడు రాములు. "గీ కంపెనీ దుకాణమేడుంది కొడుకా? చెప్పు, అందరం ఆడికే పోయి కూసుంటం. మీ ఇంట్ల చాయ ఖర్చు తప్పుతది."

"ఉంటే గద కాకా," అన్నాడు కల్యాణ్. "గల్లా లేదు, గల్లా మీద కూసున్న సేటు లేడు. తాళమేసింది మిషిను. ఎందుకేసినవని అడిగితే జవాబు చెప్పేది గూడ మిషినే. ఏ మనిషీ సంతకం పెట్టలే. గంత పెద్ద కంపెనీల ఒక్కని పేరు గూడ మనకు తెల్వదు."

ఇక అతను ఆగలేదు. ఆగడని గీతాంజలికి తెలుసు. చేతిలో ఫోను మనదంటారు గాని బ్యాటరీ మార్చుకుందామంటే దాన్ని జిగురుతో అతికిస్తారని చెప్పాడు. మంచిగా నడిచే ఫోనును అప్‌డేటు పేరుతో నత్తను చేస్తారన్నాడు. టార్చి వెలిగించే యాపు మన చుట్టాల నంబర్లన్నీ ఎందుకు అడుగుతుందని నిలదీశాడు. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కొంటే బీరువాలో పెట్టుకునేవాళ్లమనీ, ఇప్పుడు మన ఫోటోలు మన దగ్గర ఉంచుకోవడానికి కూడా నెలనెలా కిరాయి కట్టాలనీ, కిరాయిదారును ఖాళీ చేయించేటప్పుడు కూడా ఇంటి ఓనరు గడప దగ్గరికొచ్చి చెప్తాడనీ అన్నాడు.

హైదరాబాదులో అద్దాల మేడలో అతను కొన్నాళ్లు చేసిన ఉద్యోగం ఫిర్యాదులకు జవాబులు పంపడం. చదివి కాదు. ముందే రాసి పెట్టిన జవాబుల్లో ఒకటి ఎంచి నొక్కడం. ఎక్కువసేపు చదివితే పైనున్నవాళ్లు మందలించేవాళ్లు. ఆ నొక్కే పని కూడా యంత్రానికి అప్పగించిన రోజున మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. దుకాణం పెట్టాడు. 'కల్యాణ్ ముచ్చట్లు' అని వీడియో చానల్ పెట్టి, ఆ కోపాన్నంతా మానుకోట మాటలో చెప్పాడు. వేలమంది విన్నారు. పెళ్లి చూపులప్పుడు గీతాంజలి కూడా విన్నది. ఈ మనిషి అబద్ధం ఆడడని అప్పుడు అనుకుంది.

అతను ఆడేది ఇప్పుడూ అబద్ధం కాదు. అదే ఆమెకు మండింది. ప్రతి మాటా నిజమే. కానీ ఎవరికి చెప్తున్నాడు? అతని చేతి మీదుగా సొత్తు పోగొట్టుకున్నవాళ్లను ముందు కూర్చోబెట్టుకుని, దొంగతనం ఎట్లా జరుగుతుందో పాఠం చెప్తున్నాడు.

రాములు అంతా విన్నాడు. డికాషన్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"మంచిగ చెప్తున్నవు కొడుకా. ఇంటుంటే ఇంక ఇనబుద్దయితది. మల్ల మాది ఎప్పుడిస్తవు?"

కేసముద్రం మిర్చి వ్యాపారి జగపతి మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. చాప మీద కూర్చోనిది అతనొక్కడే. ముసలాయన మెయిలులో ఏముంటుందని ఇంత దూరం వచ్చాడని నవ్వాడు.

"ఏమున్నయో నాకేమెర్క?" అన్నాడు రాములు. "మా ఎడ్ల ఫోటోలే ఉన్నయో, మా తమ్ముడు పంపిన దేవుని బొమ్మలే ఉన్నయో. నాదైతే నాదే గద. ఇంట్లకెళ్లి బిందె ఎత్కపోయినా అడుగుత, చీపురు ఎత్కపోయినా అడుగుత."

జగపతి నవ్వు ఆపి గీతాంజలి వంక తిరిగాడు. మార్కెట్టు రశీదులు, లారీవాళ్ల లెక్కలు అన్నీ తన మెయిలులోనే ఉన్నాయని నిన్నటి నుంచి చెప్తున్నాడు. ఇవాళ కొత్త మాట అన్నాడు.

"నంబరు మీ పేరు మీదుంది మేడమ్. దుకాణం ఆయనది కావచ్చు. రేపు కేసు పెడితే పోలీసోల్లు దుకాణానికి రారు, నంబరు కాడికి వస్తరు. నేను బెదిరిస్తలేను. ఉన్న ముచ్చట చెప్తున్న."

కల్యాణ్ తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునని గీతాంజలి అనుకుంది.

తలుపు పక్కన గోడకు ఆనుకుని జమ్లీ కూర్చుంది. ఆమెది కురవి దగ్గరి తండా. మిరప తోటల్లో కూలికి పోతుంది. బిడ్డ అఖిలకు పక్క రాష్ట్రంలో నర్సింగు సీటు వచ్చింది. తండాలో ఆ చదువుకు పోయే మొదటి పిల్ల. సీటు ఒప్పుకుంటున్నానని మెయిలులో వచ్చిన లింకు నొక్కాలి. ఇవాళ పొద్దుగూకే లోపు నొక్కకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ లింకున్న మెయిలుకు తాళం పడింది. కాలేజీకి ఫోను చేస్తే, ఏ మెయిలుకు పంపామో ఆ మెయిలు నుంచే జవాబు రావాలి, మా చేతిలో ఏమీ లేదని పెట్టేశారు. వాళ్ల దగ్గర కూడా యంత్రమే ఉంది.

అందరూ తమతమ సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నారు. జమ్లీ ఒక్కసారే చెప్పింది. అప్పటి నుంచి గీతాంజలి ఎటు పోతే అటు చూస్తోంది.

ఆమె పక్కన తరన్నుమ్. పాత బస్టాండు వెనకాల దర్జీ అమ్జద్ బిడ్డ. రెడీమేడ్లు వచ్చి తండ్రి మిషను మూలపడ్డాక, జాకెట్లకు మగ్గం పని నేర్చుకుని, కుట్టేది వీడియోలు తీసి పెట్టింది. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి పెళ్లివాళ్లు ఆ వీడియోలు చూసే వస్తారు. ఆ ఖాతా తెరిచి ఇచ్చింది కల్యాణే; మెయిలుతో పాటే వీడియోలకూ తాళం పడింది. నిన్న ఆమె ఏడ్చింది. ఇవాళ ఏడవడం లేదు.

ఖాళీ గిలాసలు ఏరుకుని గీతాంజలి వంటింట్లోకి వచ్చింది. ఫోను మళ్లీ మోగింది. ఈసారి భూపాలపల్లి నుంచి తమ్ముడు గణేశ్. బావ పుణ్యమా అని తనదే కాక, తనతో బొగ్గు బాయిలో చేసేవాళ్లవి కూడా పోయాయని, ఇప్పుడు షిఫ్టుకు పోతే అందరూ తన మొహమే చూస్తున్నారని అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయి, మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఒక సందేశం దిగింది. కంపెనీ నుంచి.

తెలుగులోనే ఉంది. తెలుగు మాట్లాడని దేనితోనో రాయించిన తెలుగు.

"మీ వినతి పరిశీలించబడినది. ఈ నంబరుతో ముడిపడిన ఖాతాలలో ఏదైనా ఒకటి మాత్రమే పునరుద్ధరించబడును. నేటి మధ్యాహ్నంలోగా ఎంచుకొనగలరు. మిగిలిన ఖాతాలు శాశ్వతముగా తొలగించబడును."

ఆమె రెండోసారి చదివింది. గణేశ్ "అక్కా, అక్కా" అంటున్నాడు. పెట్టేసింది. వంటింటి తలుపు దగ్గర నిలబడి భర్తను పిలిచింది. ఆమె పిలిచిన తీరుకు గట్టమ్మ కూడా చేతిలో పని వదిలి నిలబడింది.

కల్యాణ్ చదివాడు. మొదట అతని మొహం నల్లబడింది. తరువాత, గీతాంజలి కళ్లముందే, నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"నా చానల్‌ది తెరుద్దాం," అన్నాడు. "దానికీ నీ నంబరే గద."

ఆమెకు సరిగా వినబడలేదేమో అనిపించింది.

"నీ చానల్‌దా?"

"ఇను గీతా. కోపం తర్వాత చెయ్యి. నేను ఆ పని చేసి వచ్చినోన్ని. ఫిర్యాదులు ఎవడూ చదవడు. ఎప్పుడు చదువుతరంటే, నలుగురు చూసేకాడ ఎవడన్న అరిస్తే చదువుతరు. పేరు పోతదని భయమైతే అప్పుడు ఒక మనిషిని కూసోబెడతరు. నా చానల్ ఉంటే అరుస్త. అందరివీ తెస్త."

"తేకపోతే?"

కల్యాణ్ ఫోను పొయ్యి పక్కన పెట్టాడు.

"అంటే అరిచెటోనికే మనిషి దొరుకుతడు," అంది గీతాంజలి. "అరవ చేతగానోనికి మిషినే. గదే గద నువ్వు రోజు తిట్టేది? ఇప్పుడు గా వరసలనే ముందట నిలబడుతనంటున్నవ్."

"వేరే తొవ్వ లేదు గీతా. వాళ్లు పెట్టిన తొవ్వ గదే."

"జమ్లీ బిడ్డ సీటు నీ వీడియో దాక ఆగుతదా? నువ్వు తీసి, జనం చూసి, కంపెనీకి సిగ్గొచ్చి, అప్పుడు తాళం తీస్తే, ఆ పిల్ల ఏడికి పోతది? మిరపకాయ ఏరనీకి పోతది."

"ఒక్క సీటు కోసం అందరిదీ మునగాల్నా?"

ఆ మాట అతను ఉద్దేశించిన దానికన్నా గట్టిగా వచ్చింది. ముందర గదిలో చాప కదిలిన చప్పుడయింది. ఇద్దరూ గొంతు తగ్గించారు.

"ఇన్నేండ్ల సంది నీ వీడియోలల్ల ఏం చెప్పినవ్?" అంది గీతాంజలి. "ఎవని తాళంచెవి వానికాడ ఉండాలన్నవ్. అట్లన్న నోటితోనే ఊరందరి తాళంచెవులు తెచ్చి నా పొయ్యి కాడ పెట్టినవ్. నన్నొక్క మాట అడిగినవా?"

"మారని నంబరు నీదొక్కటే ఉండె."

"నేను ఎందుకు మార్చలేదో ఎరుకనా నీకు? నాకు నౌకరి కబురొస్తదని మార్చలే. వచ్చిన కబురు మందిల ఏడ కలిసిపోయిందో. పొద్దున లేస్తే ఎవరెవరివో కోడ్‌లు. నాదేదో, పరాయిదేదో నాకే తెల్వకుంటయింది. నువ్వు కంపెనీని తిడుతున్నవు. కంపెనీ నన్ను అడగకుంట చేసింది, నువ్వూ అడగకుంటనే చేసినవ్."

తను ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదని, మంచికే చేశానని అన్నాడు కల్యాణ్.

"ఆ కంపెనోల్లు గూడ ఊకెనే ఇచ్చిన్రు గద మెయిలు," అంది గట్టమ్మ. అంతవరకూ నోరెత్తని ముసలామె పొయ్యి వైపు తిరిగి, గిన్నె మీద మూత పెట్టింది. "మీ తాళాల ముచ్చట తర్వాత చూసుకోన్రి. దీని పేరు మీద కేసయితే అప్పుడేం చేస్తవురా? వీడియో తీస్తవా?"

గీతాంజలి ఫోను తీసుకుని ముందర గది వైపు నడిచింది. కల్యాణ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కటే తెరుస్తారని చెప్తే వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారని, జర ఆగమని, ముందు మనం తేల్చుకుందామని బతిమాలాడు.

"మనమెవ్వరం తేల్చనీకి?" అంది ఆమె. చెయ్యి విడిపించుకుంది.

గది మధ్యలో నిలబడి సందేశం చదివింది. అలవాటు కొద్దీ, కోడ్ చదివినట్టే, ఒక్కొక్క మాట విడదీసి చదివింది. "శాశ్వతముగా" అన్న చోట ఆగి, మళ్లీ రాదని అర్థమని చెప్పింది.

కొట్టుకోలేదు. అంతకన్నా కష్టమైనది జరిగింది. ఎవరికి వాళ్లు పక్కవాళ్ల మొహాలు చూడడం మానేశారు. జగపతి ఒక్కడే మాట్లాడాడు. తన దానిలో ఇతరుల లెక్కలు కూడా ఉన్నాయనీ, ఎన్ని కుటుంబాలు తన వ్యాపారం మీద ఆధారపడ్డాయో లెక్కేసి చూడమనీ, న్యాయంగా చూస్తే తనదే తెరవాలనీ అన్నాడు. అతనన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదు. తలుపు దగ్గర నిలబడ్డ కల్యాణ్ తన చానల్ మాట ఎత్తబోయాడు. రాములు అతని వంక చూశాడు. కల్యాణ్ ఆ మాటను దగ్గులోకి మార్చుకున్నాడు.

జమ్లీ అడగలేదు. తనది తెరవమని ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. కొంగు చివర నోట్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది.

"జమ్లీ బిడ్డది తెరువు బాజీ," అంది తరన్నుమ్ గీతాంజలితో.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నా వీడియోలు మల్ల తీసుకుంట. పాతయి పోతయి, పోనీ. గిరాకీ మల్ల మొదటి సంది. ఏడ్వనీకి నిన్ననే ఏడ్చిన. ఆ పిల్ల సీటు మల్ల రాదు."

రాములు తల ఊపాడు. ఇంకొకరూ ఊపారు. ఇది మాట్లాడుకుంటే తేలే సంగతి కాదని, కేసు పెట్టడమే తనకు మిగిలిందని జగపతి కుర్చీలోంచి లేచాడు. కానీ పోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. జమ్లీ తరన్నుమ్ మోకాలి మీద చెయ్యి వేసింది.

గీతాంజలి కింద కూర్చుని సందేశంలోని లింకు నొక్కింది. అఖిల ఖాతా ఎంచుకుంది. ఆమె నంబరుకే కోడ్ వచ్చింది. కొట్టింది. తెర మీది ఎర్ర గీత ఆకుపచ్చగా మారింది. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

తరువాత ఇంకొక పేజీ వచ్చింది. చివరిది. దాని మీద ఒక చిన్న ఖాళీ గడి, పక్కన రెండు వరసలు, కింద 'రద్దు' అన్న మీట. గీతాంజలి చదివింది. ఈసారి పైకి చదవలేదు.

"ఏమన్నది?" అన్నాడు రాములు.

ఆమె కల్యాణ్‌కు చూపించింది. అతను వంగి చదివి, మెల్లగా కింద కూర్చున్నాడు.

"పైకే చదువు బిడ్డా," అన్నాడు రాములు. "మాదే గద."

చదివింది. "మిగిలిన ఖాతాలు వాస్తవమైన వ్యక్తులకు చెందినవి కావని, వాటిని నేనే సృష్టించితినని ధృవీకరిస్తున్నాను."

వాళ్లకు వెంటనే తెలియలేదు. ఆమె తమ మాటలో చెప్పింది. ఈ గడిలో టిక్కు పెడితేనే అఖిల మెయిలు తెరుచుకుంటుంది, రద్దు నొక్కితే అది కూడా పోతుంది. టిక్కు పెడితే, మీరెవ్వరూ లేరని, మీ పేర్లన్నీ నేను పుట్టించిన దొంగ పేర్లని నేను రాసిచ్చినట్టు.

"అంటే నేను లేను," అన్నాడు రాములు.

"వాళ్ల లెక్కల లేవు కాకా," అన్నాడు కల్యాణ్.

రాములు తువ్వాల విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "రాయి మల్ల. నేను లేనోన్నే గద. మీ ఇంట్ల గింత డికాషన్ ఎవడు తాగిండని అడిగితే మాత్రం నా పేరు చెప్పకు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ జగపతి నవ్వాడు, అది వేరే నవ్వు.

"పెట్టున్రి మేడమ్ టిక్కు. నేనే చేసిన అని మీ నోటితోని మీరే ఒప్పుకుంటే, కేసుకు నాకు ఇంకేం సాక్ష్యం గావాలె?"

"జగపతన్నా, నువ్వు జర బయట నిలబడు," అన్నాడు కల్యాణ్. వచ్చినవాళ్ల ముందు అతను గొంతెత్తింది అప్పుడే. జగపతి కదలలేదు.

గీతాంజలి వేలు గడి మీదికి పోయింది.

"ఆగు బాజీ," అంది తరన్నుమ్.

ఆమె లేచి నిలబడి ఉంది. దుపట్టా తల మీదికి సర్దుకుంటున్న చేతులు మధ్యలో ఆగిపోయాయి.

"నాది పోనీయమన్న. నేనే అన్న. మల్ల అంట. కని నేను లేనని రాయనియ్య."

"రెండూ ఒక్క గడిలనే ఉన్నయి తరన్నుమ్," అంది గీతాంజలి. "విడదీసేది లేదు."

"అయితే ఆ గడే తప్పు. వాళ్లు తప్పు అడిగితే మనం తప్పు జవాబు ఎందుకు చెప్పాలె? నా సామాను తీస్కపోయిన్రు, తీస్కపోనీ. నన్ను గూడ తీస్కపోతరా? మా అబ్బా ముంగట, మా గల్లీల, నేను లేనని మీ పేరు మీద రాసిస్తరా?"

బయట సన్నగా వాన మొదలయింది. వరసగా విడిచిన చెప్పులు తడుస్తున్నాయి. లేచి లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు జమ్లీ తల ఎత్తింది.

"నేనేమనాలె అక్కా?" అంది. చాలా మెల్లగా అంది. "నా బిడ్డ ఒక్కతే నిజం, మీరంత అబద్ధమని నేను మొక్కాల్నా? మొక్కుత. బిడ్డ కోసం ఎవ్వలకైన మొక్కుత. కని ఈమె మొహం చూసుకుంట ఎట్ల మొక్కాలె?"

తరన్నుమ్ మొహం పక్కకు తిప్పుకుంది. కూర్చోనూ లేదు, పోనూ లేదు.

గీతాంజలి భర్త వంక చూసింది. పరిశ్రమ మీద, యంత్రాల మీద, మనిషి మీద అన్నేసి అభిప్రాయాలున్న మనిషి. టార్చి యాపు మీద కూడా అభిప్రాయం ఉన్న మనిషి. ఇప్పుడు అతని మొహంలో ఒక్కటీ లేదు. జీవితంలో మొదటిసారి ఆమెకు అతను తనలాగే, ఏం చెయ్యాలో తెలియని మనిషిగా కనబడ్డాడు.

అతను చెయ్యి చాపాడు.

"ఇటియ్యి గీతా. నేను నొక్కుత. ఎవలన్న అడిగితే నేనే నొక్కిన అని చెప్త."

ఫోను తెర మసకబారబోయింది. ఆమె వేలితో తట్టి మళ్లీ వెలిగించింది. అతని చెయ్యి అట్లాగే చాచి ఉంది.

"నంబరు నాది," అంది గీతాంజలి. "నొక్కితే నేనే నొక్కుత."

ఏది నొక్కుతుందో ఆమెకు ఇంకా తెలియదు.